పాలు ఈశాన్యానికే పొంగాయి

శనివారం పగలు పదకొండుంపావు. స్టేషన్ వరండాలో బల్ల మీద పీరా సాబ్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మేస్త్రి. నలభై ఏళ్ళుగా గోడలు నిటారుగా లేపిన మనిషికి, హత్యాయత్నం కేసు మీద పడినా వంగి కూర్చోవడం చేతకాలేదు.

ఎదురుగా హులిగమ్మ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎస్సై ఆమెకిచ్చిన సమయం పది నిమిషాలు. సాయంత్రం ఐదింటికి పీరా సాబ్‌ను కోర్టులో హాజరు పరుస్తారు. ఆ తర్వాత ఏం చేసినా లాయర్లు చెయ్యాల్సిందే.

హులిగమ్మది ఎమ్మిగనూరు. బీకాం చదివింది, మగ్గాలింటి కోడలు, ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివు. పనంతా పెళ్ళి సంబంధాల విచారణే. పెళ్ళికొడుకు దాచిపెట్టిన మొదటి పెళ్ళి, పెళ్ళికూతురి మేనమామ దాచిపెట్టిన సారా అలవాటు, ఇలాంటివి ఆమె పట్టుకున్న నేరాలు. రక్తం కనబడ్డ కేసు ఇదే మొదటిది. పీరా సాబ్ పెళ్ళాం హమీదాబీ నిన్న సాయంత్రం బస్సెక్కి వచ్చి, గడపలో నిలబడి ఒకే మాట చెప్పింది. “హులిగమ్మక్కా, ఆయన అబద్ధం ఆడితే చెవులు ఎర్రగయితాయి. పొద్దుట్నుంచి చూస్తాండా, కాలే.”

హులిగమ్మ ఇప్పుడు ముందుగా చెవులే చూసింది. నల్లగానే ఉన్నాయి.

“టీ తాగిన కాడ్నుంచి సెప్పు పీరన్నా. కోపమొచ్చిన కాడ్నుంచి కాదు.”

“నిన్న తొమ్మిదిన్నరకమ్మా. హోటల్లో నేను కూసోనుంటే డ్రాయింగ్ మాష్టరు సుబ్బన్న సారు వచ్చినాడు. ఆ గగన్ హైట్స్ మీద ఈపొద్దు నాలుక్కి సభ పెట్టుకున్యారు గదా. ఊరికి ఇంతింత ఎత్తు అపార్ట్‌మెంట్లు అందమా, అవస్థా అని. అందం కాదు అని మాట్లాడేది సుబ్బన్న సారు. అందమే అనేది అది గీసి కట్టించిన రాజశేఖర్ సారు.”

“అది తెలుసు. హోటల్లో ఏమయింది?”

“ముందర ఆ లావు స్తంభాలు ఏం మోస్తాండాయి పీరా, అని అడిగినాడు. ఏమీ మొయ్యవు సార్, లోపల ఖాళీ, నేనే కట్టినా అన్యా. ఆయప్ప నవ్వినాడు, నేనూ నవ్వినా. ఆడిదాకా బాగుండాది. ఆ మీదట గొంతు తగ్గించి, ‘పీరా, నీ గోడ వంగింది’ అన్యాడు.”

“నువ్వేమన్యావు?”

“గుండు తీసి టేబుల్ మీద కొట్టినా. ఇది తీస్కపోయి సూస్కో సార్, వంగిందే నిజమైతే మళ్ళా తాపీ ముట్టను అన్యా. హోటలంతా ఇన్యారు.”

గోడ నిటారుగా లేచిందో లేదో చూసుకోవడానికి దారానికి కట్టి వేలాడదీసే ఇత్తడి గుండు అది. ఇప్పుడు అదే నెత్తుటి మరకతో ఎస్సై బీరువాలో ఉంది. సుబ్బన్న మాష్టరు తల పగిలి ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

“ఆ మీదట గుండు కోసం నువ్వే పోయినావు.”

“గుండు లేకుంటే పని నడవదు గదమ్మా. కోపం చల్లారినాక బిల్డింగు కాడికి పోయినా. పైకి పోయినాడు అని వాచ్‌మన్ సెప్పినాడు. లిఫ్టులో నీళ్ళ పైపులు ఎక్కిస్తాండారు, ఎంత నొక్కినా రాల్యా. ఈ మోకాళ్ళతో ఎనిమిదంతస్తులు ఎక్కినా. మిద్దె మీదికి పోయే మెట్ల కింద పడిపోయి ఉండాడు. కుడిచేతిలో నా గుండు. ఎడం చేతిలో యేందో ఇనప ముక్క. అది తీసి పక్కన పడేసి, ఆయప్పను బుజానేసుకొని దిగినా.”

“ఇంగొక్క మాట. ఆ బిల్డింగులో వంటగట్లు ఎవరు ఏసినారు?”

పీరా సాబ్ ముఖంలో మొదటిసారి ప్రాణం వచ్చింది. “ముప్పై రెండిండ్లవీ నేనే. రసమట్టంలో బుడగ నడిమధ్యన నిలిస్తేనే బండ పరిచినా. పునాదీ పిల్లర్లూ వేరేవాళ్ళవమ్మా, నాకు తెలీదు. గోడలూ గట్లూ నావి.”

ఎందుకడిగిందో హులిగమ్మకే సరిగ్గా తెలియదు. ఆడదానికి వంటగట్టు మీద ఉండే ఆసక్తి అనుకోవచ్చు. అయినా చెవుల వంక మరోసారి చూసి లేచింది.

*

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఆమె గగన్ హైట్స్ గేటు దగ్గర ఆటో దిగింది. కింద బండ్లు నిలిపే జాగా, దాని మీద ఎనిమిదంతస్తులు. పడమటి ముఖమంతా అద్దాలు. ముందు నాలుగు తెల్లటి స్తంభాలు, ఏమీ మొయ్యని హోదాతో నిలబడి ఉన్నాయి.

వాచ్‌మన్ జయన్న రిజిస్టరు తిప్పి చూపించాడు. శుక్రవారం పేజీ. సుబ్బన్న మాష్టరు లోపలికి 10.05. నీళ్ళ ట్యాంకరు 10.22. పీరా సాబ్ 10.41. కింద ఎర్ర ఇంకుతో, ‘పీరా సాబ్, మాష్టరును ఎత్తుకుని, బయటికి 10.58.’

“ట్యాంకరెందుకన్నా?”

“మిద్దె మీద స్విమ్మింగ్ పూల్ కట్టినారు గదక్కా. సభకొచ్చే వాళ్ళకి సూపిచ్చల్లంట. నిన్నట్నుంచి పోస్తానే ఉండారు. పదహారు ట్యాంకర్లయినాయి, ఇంగా నిండలే.” జయన్న గొంతులో గర్వం, దాహం సమపాళ్ళలో ఉన్నాయి.

లోపల హాల్లో ఎదురు గోడ మీద పెద్ద బొమ్మ వేలాడుతోంది. ఈ స్థలంలో ఒకప్పుడుండిన పత్తి మిల్లు. కింద సంతకం, సుబ్బన్న. నలభై ఏళ్ళ కిందటి తేదీ. మిల్లు గేటు ముందు నిలబడి గీసిన బొమ్మ. కుడిచేతి వైపు దూరంగా పొగ గొట్టం. ఎడమ వైపు చివర మూలన పెద్ద బావి, తోలు తొండంతో నీళ్ళు తోడే ఎద్దులు, ఆ వెనక లేస్తున్న సూర్యుడు.

“పాత జ్ఞాపకంగా ఉంటుందని మా హాల్లో పెట్టించాను,” అన్నాడు వెనకనుంచి రాజశేఖర్. నలభై ఐదేళ్ళుంటాయి, ఇస్త్రీ నలగని మనిషి. “నన్ను తిట్టే ఆయన బొమ్మే నా గోడ మీద ఉంది. నాకు ఆయన మీద పగ లేదని చెప్పడానికి ఇంకేం కావాలి?”

“బావి బాగుండాది సార్. ఇప్పుడు యాడుంది?”

“బొమ్మలు గీసేవాళ్ళు ఖాళీగా ఉన్న మూలన బావి పెడతారండి. అందం కోసం.”

అతని పక్కన ముప్పై ఏళ్ళ కుర్రవాడు ట్యాబ్లెట్ పట్టుకుని నవ్వాడు. ఉమేష్. కర్నూలులో డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది, కార్డు మీద రెండు రంగులున్నాయి. బిల్డింగ్ పరువు కాపాడే పని రాజశేఖర్ అతనికి అప్పగించాడు. “హులిగమ్మ ఆంటీ, ఇక్కడ పెళ్ళికొడుకులెవరూ లేరే.”

“నిన్ను సూసి పోదామనే వచ్చినా నాయనా. నీ గురించి విచారించమని ఆలూరు నుంచి ఒక సంబంధం వాళ్ళు నా దగ్గరికి వచ్చినారు.”

ఉమేష్ నవ్వు సగంలో ఆగింది. నిజంగానే వచ్చారు. ఫైలు ఇంకా తెరవలేదు, అంతే.

అతను తేరుకుని ట్యాబ్లెట్ తిప్పాడు. “సింపుల్ కేసు. కెమెరా కిందే ఉంది. పీరా సాబ్ లోపలికి 10.41, బయటికి 10.58. పదిహేడు నిమిషాలు. ఉదయం హోటల్లో గొడవ. దెబ్బ తగిలింది అతని గుండుతో. ఇంకేం కావాలి?”

“పదిహేడు నిమిషాల్లో ఎనిమిదంతస్తులెక్కి, మనిషిని కొట్టి, వాణ్నే బుజానేసుకొని దిగినాడు. నువ్వు లిఫ్టు లేకుండా ఒకసారి ఎక్కి సూపించు. నీ సంబంధానికి ఆరోగ్యం గురించి కూడా రాయల్ల.”

రాజశేఖర్ మధ్యలోకి వచ్చాడు. “హులిగమ్మ గారూ, మీరూ ఈ ప్రాంతం వారే. నిజం చెప్పండి. సుబ్బన్న గారికి పాత మట్టి మిద్దె కావాలి. పైకప్పులో వెలుతురుకి గవాచి కావాలి, మూరెడు మందం గోడ కావాలి. ఆ గవాచి మీద వానొచ్చినప్పుడు బండ మూసేది ఎవరు? ఏటేటా మిద్దె మీద మట్టి తొక్కేది ఎవరు? ఆయన కాదు, ఇంట్లో ఆడవాళ్ళు. అందం గురించి మాట్లాడేవాళ్ళు బిందె మోసి మాట్లాడాలి.”

ఈ మాట హులిగమ్మకు గట్టిగానే తగిలింది. చిన్నతనంలో ఆమె ఆ బండ మూసింది, ఆ మట్టీ తొక్కింది. గవాచిలోంచి పడే ఎండపొడ ఎంత బాగుండేదో గుర్తుంది, దాని వెంట పడే తేలు కూడా గుర్తుంది.

“నిజమే సార్. మోసినదాన్నే. అయినా పడమటి వైపు మొత్తం అద్దాలు పెట్టినారే, మన ఎండకి? మధ్యాన్నం మూడుకి ఆ గదుల్లో పప్పు ఉడకల్ల.”

“ఏసీలు ఉన్నాయి కదా.”

“కరెంటు పోతే?”

“జనరేటర్.”

“అదీ పోతే?”

“అప్పుడు,” అన్నాడు రాజశేఖర్ కాస్త విసుగ్గా, “కిటికీ తెరుచుకుంటారు.”

“తెరుసుకుంటాయా?” అంది హులిగమ్మ. అతను పైకి వెళ్ళిపోయాడు. మాటకు మాటగా అడిగిందే తప్ప, ఆ ప్రశ్నలో ఏముందో అప్పటికి ఆమెకూ తెలియదు.

*

ఎనిమిదో అంతస్తులో మెట్లకు ఆనుకుని ఉన్న ఇల్లు ఉచ్చీరమ్మది. ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం. తలుపు నెట్టడానికి ఆమె భుజం కూడా వాడాల్సి వచ్చింది.

“వానకి ఉబ్బిందక్కా. రా, కూసో.”

“ఇనప చట్రం గదా, ఇనుము ఉబ్బుతాదా?”

“ఏమోనక్కా. నాకు లిఫ్టుంది, కొళాయిలో నీళ్ళొస్తాయి, అది చాలు. మాష్టరు ఇది బిల్డింగు కాదు, అగ్గిపెట్టెలు పేర్చినారు అంటాడు. అగ్గిపెట్టెలో తేళ్ళు రావు గదా.”

నిన్న పొద్దున ఏం విన్నావని హులిగమ్మ అడిగింది. ఉచ్చీరమ్మ కందిపప్పు ఏరుతోందట. “కింద ట్యాంకరు మోటరు గుర్రుమని లేచింది. దాని ఎంబడే మెట్ల కాడ ధడేల్‌మని సప్పుడు. పైపు జారింది అనుకున్యా. ఆ తలుపు తీసి సూసేకే పొద్దు పోతాది, ఎవరు లేస్తారు అని కూసున్యా.” ఆమె గొంతు తగ్గింది. “లేసి ఉంటే బాగుండు గదక్కా?”

“తెలీకపాయె గదమ్మా. మోటరు శబ్దం అది మొదటిసారేనా?”

“అదే మొదటిది. ఆ మీదట పొద్దుగూకేదాకా ఆగలే.”

మొదటి ట్యాంకరు 10.22. పీరా సాబ్ గేటు దాటింది 10.41. మాష్టరు పడినప్పుడు పీరా సాబ్ ఇంకా వీధిలోనే ఉన్నాడు. హులిగమ్మ దాన్ని చీటీ మీద రాసుకుంది కానీ సంతోషపడలేదు. శబ్దం పైపుదే అంటాడు ఉమేష్. మాష్టరును తోసింది ఎవరో చూపించకపోతే పీరా సాబ్ ఐదింటికి బండి ఎక్కాల్సిందే.

ఉచ్చీరమ్మ మజ్జిగ ఇచ్చింది. “ఏమనుకున్నా సరే, ఈ బిల్డింగు మంచి లక్షణమక్కా. మా గృహప్రవేశానికి పాలు సరిగ్గా ఈశాన్యానికే పొంగినాయి. మాకే కాదు, ఈ మధ్య చేరినోళ్ళందరికీ అంతే. పంతులు గూడా ఇట్లాంటిది సూళ్ళేదు అన్యాడు. రాజశేఖర్ సారు పాంప్లెట్లో ఏసుకున్యాడు.”

హులిగమ్మ గ్లాసు కింద పెట్టింది. “వీడియోలుండాయా?”

ఇది ఆమె పనిచేసే పద్ధతి. ఎవరి గురించైనా తెలుసుకోవాలంటే ఫోటోలు చూడదు. ఫోటోకి అందరూ సర్దుకుని నిలబడతారు. ఫంక్షన్ వీడియోలో వెనక నిలబడ్డవాళ్ళు ఉన్నది ఉన్నట్టు ఉంటారు. అలా వెనక నిలబడి ఆవలించే పెళ్ళికొడుకులను ఆమె ఎందరినో పట్టుకుంది.

వీడియోలన్నీ అపార్ట్‌మెంటు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. తొమ్మిది గృహప్రవేశాలు. హులిగమ్మ ఈసారి మనుషులను వదిలేసి గిన్నెను చూసింది.

ఉగాది నెలలో మూడు ఇళ్ళు. ఒక ఇంట్లో పాలు నాలుగు వైపులా సమంగా పొంగి ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఒక ఇంట్లో పడమటికి. మూడో ఇంట్లో దక్షిణానికి పోతే ముసలావిడ గబగబా గిన్నె తిప్పేసింది. శ్రావణం వానల తర్వాత ఆరు ఇళ్ళు. ఆరింట్లోనూ నురగ ముందుగా ఒకే వైపు అంచు దాటింది. ఈశాన్యం. చప్పట్లు. ఆరు వేర్వేరు అంతస్తులు, ఆరు వేర్వేరు గిన్నెలు, ఆరుగురు వేర్వేరు గృహిణులు.

పాలకు వాస్తు తెలియదు. పల్లం తెలుసు.

గట్లన్నీ పీరా సాబ్ రసమట్టం పెట్టి పరిచాడు. ఉగాదికి అవి మట్టంగానే ఉన్నాయని మొదటి వీడియో చెబుతోంది. ఎవరూ మళ్ళీ పరచలేదు. అయినా శ్రావణం దాటేసరికి అన్నీ ఒకే మూలకు పల్లమయ్యాయి.

“ఏమైందక్కా, మజ్జిగ పుల్లగుందా?”

“లేదమ్మా. బాగుంది,” అంది హులిగమ్మ. “ఆ మెట్లు ఒకసారి సూపిస్తావా?”

*

ఉచ్చీరమ్మ తలుపు అవతలే పదకొండు మెట్లు. పైన మిద్దె మీదికి ఇనుప తలుపు. లిఫ్టు మిద్దె దాకా పోతుంది కాబట్టి దీన్ని వాడేవాళ్ళు తక్కువ. కింద నేల మీద నిన్నటి మరక కడిగిన ఆనవాలు. ఒంటిగంటా ఇరవై.

తలుపు పాతది, రంగు పొక్కులు లేచింది. దాని పిడి మాత్రం తళతళలాడుతోంది.

“ఈపొద్దు పొద్దున్నే బిగించినారు,” అంది ఉచ్చీరమ్మ. “సభకొచ్చేవాళ్ళకి అందంగా ఉండల్లంట.”

హులిగమ్మ పిడి పట్టుకుని తన వైపు లాగింది. రాలేదు. చట్రం పైన ఒక మూల వేలు దూరేంత సందు ఉంది, దానికి ఎదురు మూల ఇనుము ఇనుమును ఒరుసుకుని మెరుస్తోంది. చట్రం చతురస్రంగా లేదు, ఒక పక్కకు ఒరిగింది. రెండు చేతులా పట్టి, కాలు గోడకు తన్ని లాగితే తలుపు ఒక్కసారి ఊడి వచ్చినట్టు వచ్చింది. ఉచ్చీరమ్మ వెనక నుంచి పట్టుకోకపోతే పదకొండు మెట్లూ హులిగమ్మ వీపుతో లెక్కపెట్టేది.

ఇద్దరూ కాసేపు ఊపిరి తీసుకున్నారు.

మెట్ల కింద మంటలార్పే ఇసుక బక్కెట్లు వరసగా ఉన్నాయి. పీరా సాబ్ ‘పక్కన పడేసిన’ ఇనుప ముక్క మూడో బక్కెట్ వెనక దొరికింది. పాత పిడి. రెండు స్క్రూలు ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాయి. మాష్టరు డెబ్బై ఏళ్ళ ఒళ్ళుతో, ఒక చేతిలో గుండు పట్టుకుని, ఇంకో చేత్తో ఈ పిడి పట్టి లాగాడు. తలుపు రాలేదు, పిడి వచ్చింది. గుండు చేతిలో ఉండగానే వెనక్కి పడ్డాడు. నెత్తురు దానికి అంటింది.

తోసినవాడెవడూ లేడు. కానీ అసలు మాష్టరు గుండు పట్టుకుని ఇంత పైకి ఎందుకొచ్చాడు?

మెట్ల మధ్య సందులోకి తొంగి చూసింది. ఎనిమిదో అంతస్తు నుంచి నేల దాకా అడ్డం లేని ఇరుకు సందు. కటకటాల కడ్డీ మీద తెల్లటి సుద్దతో చిన్న గీత, దాని పక్కన కిందికి చూపించే బాణం. డ్రాయింగ్ మాష్టర్లు సుద్దముక్క జేబులో లేకుండా బయటికి రారు.

తలుపు అవతలి నుంచి మైకు సవరిస్తున్న శబ్దం వచ్చింది. ఆమె తల పెట్టి చూసింది. క్లబ్ హౌస్ అనే కొత్త సభా హాలు, ప్రవేశానికి పాల పొయ్యి, కుర్చీలు, బంతిపూల దండలు. దాన్ని ఆనుకుని నీలం పలకల కొలను. పైపు నోట్లోంచి నీళ్ళు దబదబా పడుతున్నాయి.

“ఇది ఏ మూలమ్మా?”

“ఇంగే మూల, ఈశాన్యమే గదా,” అంది ఉచ్చీరమ్మ. “నీళ్ళు ఈశాన్యంలో ఉండల్ల గదా ఎప్పుడైనా.”

హులిగమ్మకు కింద హాల్లో బొమ్మ గుర్తొచ్చింది. రోడ్డు పడమర. గేటు ముందు నిలబడితే ఎదురుగా తూర్పు. ఎడమ చివర మూలంటే ఈశాన్యం. ఆ మిల్లు కట్టిన ఆసామి కూడా పంతుల్ని అడిగే తవ్వించి ఉంటాడు. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి కదా ఎప్పుడైనా.

ఆమె ఈసారి లిఫ్టు ఎక్కలేదు. మెట్లు దిగింది.

*

కింద మెట్ల సందు నేల మీద, పాత సైకిల్ పక్కకు జరిపితే, సుద్ద గుర్తులు కనబడ్డాయి. మూడు. ఒక్కోదాని పక్కన పొందికైన అంకెల్లో తేదీ. మొదటిది 14-4. రెండోది 20-9, మొదటిదానికి రెండు వేళ్ళ దూరం. మూడోది నిన్నటిది, ఇంకో వేలు దూరం. మూడూ ఒకే వైపు నడుస్తున్నాయి.

“ఇదేంటి ఆంటీ, తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారా?” ఉమేష్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. “రిపోర్టు ఎస్సై గారికి పంపేశాను.”

“మంచి పని చేసినావు. ఇప్పుడు ఈడ కూసో. నువ్వు సదువుకున్నోడివి, కళ్ళు బాగుంటాయి. పైనుంచి ఒకటి దింపుతా. అది ఊగడం ఆగినాక దాని మొన యాడుందో సుద్దతో గీయల్ల. నేను గీస్తే నమ్మవు గదా, నువ్వే గీయి.”

సంచిలో నూలు కండె ఎప్పుడూ ఉండటం మగ్గాలింటి అలవాటు. ఉచ్చీరమ్మ ఇంటి తాళంకప్ప దాని చివర కట్టి, పైన మాష్టరు గీసిన గీత మీద నూలు ఆనించి, మెల్లగా కిందికి వదిలింది. ఎనిమిదంతస్తులు. రెండుసార్లు నూలు కడ్డీలకు చిక్కుకుంది, కింది దాకా దిగేసరికి మూడు దాటింది. కడ్డీకి ముడి వేసి లిఫ్టులో దిగింది. లిఫ్టు నిండా కుర్చీలు మోసి తిరిగొస్తున్న మనుషులు. పైన రెండొందల మంది దాకా చేరారట.

మూడూ ఇరవై ఐదుకు తాళంకప్ప ఊగడం ఆగింది. ఉమేష్ మోకాళ్ళ మీద వంగి సుద్ద గీశాడు. గీసి, అలాగే ఉండిపోయాడు. నిన్నటి గుర్తుకూ ఇప్పటిదానికీ మధ్య తన వేలు పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది.

“ఏప్రిల్ నుంచి నిన్నటిదాకా మూడు వేళ్ళు,” అంది హులిగమ్మ. “నిన్నట్నుంచి ఈపొద్దుకి ఒక వేలు. నిన్న ఏం మొదలైంది ఉమేషూ?”

అతను నోరు తెరిచేలోగా బయట ఇంకో ట్యాంకరు మోటరు లేచింది. జవాబు అదే చెప్పింది. నిన్న ఈ శబ్దానికే మాష్టరు మిద్దె తలుపు లాగి ఉంటాడు.

ఉమేష్ ముఖంలో రెండు రంగుల కార్డు లేదు, ముప్పై ఏళ్ళ పిల్లాడున్నాడు. “ఆంటీ, మా అమ్మ పైన ఉంది. సభ చూడాలని వచ్చింది.”

“పరిగెత్తు. ముందు ఆ మోటరు ఆపించు. ఆ మీదట మీ అమ్మ ఎంబడి అందరినీ మెట్ల మీదనే దింపు. లిఫ్టు వద్దు. తోసుకోనీకు.”

అతను పరిగెత్తాడు. ఈసారి ఆరోగ్యం గురించి రాయడానికి ఏ అనుమానమూ మిగల్లేదు.

హులిగమ్మ ఎస్సైకి ఫోన్ చేసింది. “సార్, మాష్టర్ని పడేసినోడు దొరికినాడు. ఎనిమిదంతస్తుల ఎత్తుంటాడు. పారిపోడు గానీ, పడిపోతాడు. ఫైరింజన్ వాళ్ళకి చెప్పండి. పీరా సాబ్‌ని కోర్టుకి కాదు, ఈడికి పంపించండి. ఏ గోడ యాడుందో ఆయనకొక్కడికే తెలుసు.” అవతల ఎస్సై రెండు ప్రశ్నలడిగాడు. రెండోది అడిగేటప్పుడే జీపు స్టార్టయిన శబ్దం వినబడింది.

మోటరు ఆగింది. ఆ నిశ్శబ్దానికే కాబోలు, రాజశేఖర్ మెట్లు దిగి వచ్చాడు. చేతిలో సభలో చదవాల్సిన కాగితాలు. “నీళ్ళు ఆపమన్నది ఎవరు? క్లబ్ హౌస్ ప్రవేశం జరుగుతోంది. మూడూ నలభైకి ముహూర్తం.”

హులిగమ్మ నేల మీది నాలుగు గుర్తులు చూపించింది. అతను కట్టడం తెలిసినవాడు. వివరించాల్సిన అవసరం రాలేదు. కాగితాలు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

“గట్టిగానే పూడ్చాం,” అన్నాడు చివరికి. “ఎనభై లారీల మట్టి.”

“బొమ్మలో అందం కోసం గీసిన బావినా సార్?”

రాజశేఖర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“బిల్డింగు ముఖం బాగుందా లేదా అని ఊరంతా పేపర్లలో కొట్లాడుకుంటిమి. కాళ్ళ కింద ఏముందో సూసింది మాష్టరొక్కడే. సభలో ఆయన చెప్పాలనుకున్న మాట ఇదే అయ్యుంటుంది. పదండి, మీ నోటితో మీరే చెప్పి దింపండి. మీ మాటే వింటారు.”

“పూజ మధ్యలో... రెండొందల మంది ముందు...” అని అతను గొణిగాడు. చేతి గడియారం వంక చూశాడు. మూడూ నలభై రెండు.

అప్పుడే పైనుంచి, ఎనిమిదంతస్తుల మెట్ల సందులోంచి, వాన మొదలైనట్టు చప్పట్లు వినబడ్డాయి. వాటి మధ్య ఉమేష్ ఏదో అరుస్తున్నాడు, ఎవరికీ పట్టినట్టు లేదు. పైన కడ్డీ మీంచి ఉచ్చీరమ్మ తల కనబడింది.

“అక్కా,” అని సంతోషంగా పిలిచింది. “పాలు పొంగినాయి. ఈశాన్యానికే.”

హులిగమ్మ తల దించి నేల వంక చూసింది. నూలు చివర తాళంకప్ప మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.